మరచిపోయినవారిని మరువకండి



మన సంఘములలో జ్వరము కొరకు, ఆపరేషను కొరకు, పిల్లల పరీక్షల కొరకు, వీసాల కొరకు ప్రార్థన మనవులు వస్తుంటాయి. అయితే ఒక మనవిని మాత్రము చాలామంది చీటీ మీద వ్రాయరు. “మా నాయనకు నేనెవరో తెలియడము లేదు” అనే మనవి అది. వ్రాయడానికి సిగ్గు, చెప్పడానికి దుఃఖము. అందుచేత ఆ భారమును ఆ ఇంటివారు నాలుగు గోడల మధ్యనే మోస్తుంటారు. తిరుపతి, చిత్తూరు ప్రాంతాలలో మన పొరుగు ఇండ్లలోనే ఉన్న ఈ భారమును గూర్చి ఈ దినము ఆలోచిద్దాము. వాడుకలో దీనిని మతిమరుపు జబ్బు అంటాము. వైద్యులు డిమెన్షియా అంటారు.

మన ధ్యాన భాగము యెషయా గ్రంథము 46వ అధ్యాయము, 3, 4 వచనములు. తన జనమును తల్లి గర్భమునుండి ఎత్తుకొని వచ్చిన దేవుడు, వారి తల నెరిసే కాలము వరకు కూడా తానే ఎత్తుకుంటానని అక్కడ మాట ఇస్తున్నాడు. చంటిబిడ్డను ఎత్తుకోవడమూ, ముసలివారిని ఎత్తుకోవడమూ ఆయన దృష్టికి ఒకే పని. ఇంకొక సంగతి గమనించండి. “మీరు నన్ను జ్ఞాపకముంచుకున్నంతవరకే” అనే షరతు ఆ వాగ్దానములో లేదు. ఈ ఒక్క సత్యమును పట్టుకొని మిగిలిన సంగతులలోనికి వెళ్దాము.

ఇది చాదస్తము కాదు, జబ్బు

వయసు పైబడిన కొద్దీ కొంత మరపు అందరికీ వస్తుంది. పాలమనిషికి డబ్బు ఇచ్చామా లేదా అని సందేహించి, కాసేపటికి గుర్తు తెచ్చుకోవడము సహజమే. కానీ డబ్బు ఇచ్చిన పది నిమిషాలకే మళ్ళీ ఇవ్వబోవడము, కాదంటే పోట్లాడటము, ఇది పదే పదే జరగడము వేరు. నలభై ఏండ్లుగా సంగటి చేసిన తల్లి, ఎసరు తెర్లుతుండగా బియ్యము పోయాలా పిండి పోయాలా తెలియక తెడ్డు పట్టుకొని నిలిచిపోవడము వేరు. పుట్టి పెరిగిన వీధిలోనే దారి తప్పడము, మాటకు మాట దొరకకపోవడము, నెమ్మదైన మనిషి అనుమానపు మనిషిగా మారడము, ఇవి నెలల తరబడి పెరుగుతూ ఉంటే దానిని “ముసలితనము, అంతే” అని వదిలివేయకూడదు.

డిమెన్షియా అనేది ఒక్క జబ్బు పేరు కాదు. మెదడు దెబ్బతిని జ్ఞాపకము, ఆలోచన, మాట, దినచర్య తగ్గిపోయే స్థితికి అది పేరు. దానికి కారణమయ్యే జబ్బులలో ఎక్కువగా కనిపించేది ఆల్జైమర్స్. అలోయిస్ ఆల్జైమర్ అనే జర్మనీ వైద్యుడు 1906లో దీనిని మొదటగా వైద్యుల సభలో వివరించాడు. యాభై ఏండ్లు దాటగానే మతి చెదిరి మరణించిన ఒక స్త్రీ మెదడును సూక్ష్మదర్శినిలో చూసి, నరాల కణాల మధ్య పేరుకున్న మచ్చలను, కణాల లోపల చిక్కుపడిన దారముల వంటి వాటిని ఆయన కనుగొన్నాడు. రెండవ ముఖ్యమైన రకము, మెదడులోని రక్తనాళాలు దెబ్బతినడము వలన వచ్చేది. పక్షవాతము వచ్చినవారికి, బీపీ, షుగరు అదుపులో లేనివారికి ఈ ప్రమాదము ఎక్కువ.

మన దేశములో ఎందరికి ఉంది? 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనము ప్రకారము, 60 ఏండ్లు పైబడినవారిలో 7.4 శాతము మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆ లెక్కన నూరుమంది పెద్దలున్న చోట ఏడుగురికి ఇది ఉండవచ్చు. మన ఆరాధనలో ఆ ఏడుగురు కనిపించడము లేదంటే, వారు లేరని కాదు. వారిని తీసుకొని రావడానికి ఇంటివారు జంకుతున్నారని అర్థము కావచ్చు.

ప్రియులారా, ఇక్కడ ఒక మాట నిర్మొహమాటముగా చెప్పాలి. ఇది దయ్యము కాదు. చేతబడి కాదు. ఎవరి పాపమునకో వచ్చిన శిక్ష కాదు. పుట్టు గ్రుడ్డివానిని చూసి, ఇది ఎవరి పాపమువలన వచ్చిందని శిష్యులు అడిగినప్పుడు, వాని పాపమూ కాదు, వాని తల్లిదండ్రుల పాపమూ కాదని ప్రభువు తేల్చి చెప్పాడు. యోహాను సువార్త 9వ అధ్యాయము చదవండి. జబ్బుతో ఉన్న ముసలివారిని కేకలు వేసి గద్దించడము, బలవంతముగా ఉపవాసము ఉంచడము, మందులు మాన్పించడము ప్రేమ కాదు. ప్రార్థించండి, దానితో పాటు డాక్టరు దగ్గరకు తీసుకొని వెళ్ళండి.

డాక్టరు దగ్గరకు ఎందుకు? మతిమరుపుగా కనిపించే కొన్ని సంగతులకు చికిత్స ఉంది. థైరాయిడు లోపము, బి12 విటమిను కొరత, మనసు క్రుంగుదల, కొన్ని మందుల దుష్ఫలితము, పడినప్పుడు తలలో రక్తము గడ్డకట్టడము, వీటిని కనిపెడితే మేలు చేయవచ్చు. వినికిడి తగ్గినవారు కూడా మతి తప్పినవారివలె కనిపించవచ్చు. మరి ఒకటి రెండు దినములలోనే మనిషి అకస్మాత్తుగా తికమకపడితే, మూత్రములో ఇన్ఫెక్షను వంటి కారణము ఉండవచ్చు. అది ఆగదగిన విషయము కాదు, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆల్జైమర్స్‌ను పూర్తిగా నయము చేసే మందు ఇంకా రాలేదు. లక్షణాలను కొంతకాలము తగ్గించే మందులు మాత్రము ఉన్నాయి. వాటిని డాక్టరు సలహాతోనే వాడాలి.

పోయేది ఏది, నిలిచేది ఏది

ఆల్జైమర్స్ జబ్బులో సాధారణముగా ముందు దెబ్బతినేది కొత్త సంగతులను దాచిపెట్టే మెదడు భాగము. ఒక పాత సంఘపు రిజిస్టరును ఊహించుకోండి. పాత పేజీలు దారముతో గట్టిగా కుట్టబడి ఉన్నాయి. కొత్తగా అతికించిన పేజీలకు మాత్రము జిగురు పట్టడము లేదు. అందుకనే ఈ ఉదయము తిన్న ఇడ్లీ గుర్తుండదు గాని, యాభై ఏండ్ల క్రిందటి పెండ్లి గుర్తుంటుంది. “ఇప్పుడే తిన్నావు కదమ్మా” అంటే ఆ తల్లి నమ్మదు. ఆమె అబద్ధమాడటము లేదు. ఆమె లెక్కలో ఆ భోజనము జరగనే లేదు.

అయితే భావములు జ్ఞాపకము కంటే ఎక్కువసేపు నిలుస్తాయి. ఎవరు కసిరారో, ఎందుకు కసిరారో మరచిపోయినా, ఆ కసురు కలిగించిన భయము లోపల మిగిలే ఉంటుంది. ఎవరు వచ్చి చేయి పట్టుకున్నారో మరచిపోయినా, ఆ నెమ్మది కొంతసేపు ఉంటుంది. కాబట్టి “మేము వెళ్ళినా ఆయనకు గుర్తుండదు, వెళ్ళి ఏమి లాభము?” అని అనుకోవద్దు. మీరు వచ్చిన సంగతి గుర్తుండకపోవచ్చును గాని, మీరు తెచ్చిన సమాధానము ఆయన దగ్గర ఉంటుంది.

పాటలు కూడా చాలాకాలము నిలుస్తాయి. చిన్నప్పటినుండి పాడిన కీర్తన రాగము ఎత్తుకుంటే, వాక్యము పూర్తిచేయలేనివారు కూడా చరణము అందుకోవడము వైద్యులకు, సేవకులకు తెలిసిన సంగతే. కొత్త పాటలు వద్దు. వారి యౌవనములో సంఘము పాడిన పాట పాడండి. ఒక్కటే పాట నెమ్మదిగా రెండుసార్లు పాడినా చాలు.

భాషను గూర్చి కూడా ఒక మాట. మన తెలుగు నేల మీదనే జరిగిన ఒక పరిశోధన ప్రపంచమంతటా పేరు పొందింది. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో డాక్టరు సువర్ణ అల్లాడి, సహ పరిశోధకులు 648 మంది డిమెన్షియా రోగుల వివరములు పరిశీలించి 2013లో ప్రకటించారు. రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సుమారు నాలుగున్నర ఏండ్లు ఆలస్యముగా మొదలైనట్లు వారు కనుగొన్నారు. చదువురానివారిలో కూడా ఈ తేడా కనిపించింది. తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ కలగలిసిన మన చిత్తూరు సీమకు ఇది సంతోషకరమైన వార్త. అయితే జబ్బు ముదిరినప్పుడు, తరువాత నేర్చుకున్న భాష జారిపోయి తల్లి భాష మిగలడము కూడా ఉంది. ఇంట్లో తమిళము మాట్లాడుతూ పెరిగిన అవ్వ తెలుగులో అడిగితే బదులు చెప్పడము లేదంటే, ఒకసారి తమిళములో పలకరించి చూడండి.

నిజము చెప్పాలా, ఓదార్చాలా?

విశ్వాసులను ఎక్కువగా బాధించే ప్రశ్న ఇది. ఎనభై ఏండ్ల అవ్వ సాయంకాలము చీర కొంగు సర్దుకొని గుమ్మము దగ్గర నిలబడుతుంది. “నేను ఇంటికి పోవాల. మాయమ్మ ఎదురు చూస్తా ఉంటుంది” అంటుంది. ఆమె ఉన్నది తన ఇంట్లోనే. ఆమె తల్లి చనిపోయి ముప్పై ఏండ్లయింది. ఏమి చెప్పాలి?

“మీ అమ్మ ఎప్పుడో చచ్చిపోయింది కదా” అంటే మనము నిజమే చెప్పాము. కానీ ఆ క్షణము ఆమెకు తల్లి కొత్తగా చనిపోయినట్లే. ఆమె ఏడుస్తుంది. గంటకు మరచిపోయి మళ్ళీ అడుగుతుంది. మళ్ళీ చెబితే మళ్ళీ చావు కబురే. “మీ అమ్మ రేపు వస్తుందిలే” అంటే అది అబద్ధము, మన మనస్సాక్షి ఒప్పుకోదు. మరి మూడవ దారి ఉందా? ఉంది. ఆమె మాటకు కాక, ఆ మాట వెనుకనున్న కోరికకు బదులు చెప్పండి. “మీయమ్మ గుర్తుకొచ్చిందా అవ్వా? ఆమె నీకేం చేసి పెట్టేది? రా, కూర్చో, చెప్పు.” ఇందులో అబద్ధము లేదు, గాయము లేదు. “ఇంటికి పోవాల” అనే మాటకు చాలాసార్లు “నాకు భయముగా ఉంది, నాకు ఎవరైనా కావాలి” అని అర్థము. ఆ భయమునకు మనము తోడు ఉండగలము. సత్యము, ప్రేమ ఒకదానికొకటి శత్రువులు కావు. ప్రేమతో చెప్పదగినంత సత్యమును, ఆ మనిషి మోయగలిగినంత సత్యమును చెప్పడము జ్ఞానము.

అలాగే పరీక్షలు పెట్టకండి. చూడటానికి వచ్చిన బంధువులు “నేనెవరో చెప్పు చూద్దాము” అంటారు. తెలియక ఆ పెద్దాయన నలుగురి ముందు తలదించుకుంటాడు. దాని బదులు, ఎదుటకు వచ్చి, కంటికి కన్ను కలిపి, “తాతా, నేను మీ రెండో కూతురి కొడుకును, బాగున్నావా?” అని మీరే ముందు చెప్పండి. ఒకసారి ఒక్క మాటే అడగండి. “స్నానము చేసి, బట్టలు మార్చుకొని, టిఫిను తిందువుగాని రా” అంటే మూడు పనులు. “రా తాతా, నీళ్ళు కాగినాయి” అంటే ఒక్కటే. బదులు రావడానికి కొంతసేపు ఆగండి. ఆయన ఎదుటనే ఆయనను గూర్చి, ఆయన లేనట్లు మాట్లాడకండి.

పొద్దువాలే వేళ తికమక, కంగారు పెరగడము ఈ జబ్బులో సాధారణము. చీకటి పడకముందే దీపాలు వేయండి, టీవీ శబ్దము తగ్గించండి. పగలు కొంత నడక, కొంత పని ఉంచండి. చిక్కుడుకాయలు ఒలవడము, బట్టలు మడత పెట్టడము వంటి చేతి పనులు చాలాకాలము నిలుస్తాయి. ఆ మడతలు వంకరగా వచ్చినా ఫరవాలేదు. తనకు పని ఉందని ఆ మనిషికి తెలియడమే ముఖ్యము.

ఇక తిరుపతి వంటి ఊరిలో ప్రత్యేకమైన జాగ్రత్త ఒకటి అవసరము. మన బస్టాండు, రైల్వే స్టేషను నిత్యము యాత్రికులతో నిండి ఉంటాయి. ఒంటరిగా తిరుగుతున్న వృద్ధుని చూసి ఎవరైనా యాత్రికుడే అనుకుంటారు, తప్పిపోయాడని అనుకోరు. కాబట్టి జేబులోనో, మెడలోనో పేరు, ఇంటివారి ఫోను నంబరు ఉన్న కార్డు ఉంచండి. ఈ మధ్య తీసిన ఫోటో దగ్గర పెట్టుకోండి. వీధిలోని కొట్టువారికి, ఆటోవారికి ముందుగానే చెప్పి ఉంచండి. కనిపించకపోతే వెదకడము మొదలుపెట్టి, ఆలస్యము చేయక పోలీసులకు కూడా తెలియజేయండి. కట్టివేయడము, ఒంటరిగా తాళము వేసి వెళ్ళడము ఎన్నటికీ చేయకూడదు.

కనిపెట్టుకొని ఉన్నవారిని ఎవరు కనిపెడతారు?

ఈ సేవ సాధారణముగా ఒక్కరి మీద పడుతుంది. ఎక్కువసార్లు ఆ ఒక్కరు భార్య, కోడలు, లేక కూతురు. రాత్రి మూడుసార్లు లేచి, ఒకే ప్రశ్నకు ఇరవైసార్లు బదులు చెప్పి, పక్క బట్టలు మార్చి, పైగా “నా డబ్బు దొంగిలించావు” అనే నింద కూడా ఆమె పడుతుంది. ఆ నింద జబ్బు మాట, మనిషి మాట కాదని తెలిసినా నొప్పి పుడుతుంది. అలసిపోయి ఒక దినము గట్టిగా అరచి, తరువాత దేవుని యెదుట ఏడ్చే స్త్రీలు మన సంఘములలో ఉన్నారు. వారికి ఓర్పును గూర్చి మరొక ప్రసంగము అక్కరలేదు. రెండు గంటల నిద్ర కావాలి.

సంఘము ఏమి చేయవచ్చు? వారానికి ఒకసారి ఇద్దరు వెళ్ళి రెండు గంటలు పెద్దాయన దగ్గర కూర్చోండి, ఆ సోదరి బయటికి వెళ్ళి రానివ్వండి. ఒక పూట భోజనము పంపండి. ప్రభువు బల్ల ఆయన మంచము దగ్గరకే తీసుకొని వెళ్ళమని కాపరిని కోరండి. ఆయన ఆరాధన మధ్యలో లేచి మాట్లాడినా ఎవరూ వెనుకకు తిరిగి చూడకుండా సంఘమునకు నేర్పండి. బెంగళూరులో, చెన్నైలో, కువైటులో ఉన్న అన్నదమ్ములారా, మీరు పంపే డబ్బు మంచిదే. అయితే సంవత్సరమునకు ఒక నెల మీరే వచ్చి ఆ మంచము ప్రక్కన పడుకోండి. అప్పుడు మీ వదిన మోస్తున్నది ఏమిటో తెలుస్తుంది.

దేవునికి అర్పించాము గనుక తల్లిదండ్రులకు ఇవ్వనక్కరలేదు అనే ఆచారమును ప్రభువు మార్కు సువార్త 7వ అధ్యాయములో తీవ్రముగా ఖండించాడు. కూటములకు వెళ్ళడానికి సమయమున్న మనకు తండ్రి ప్రక్కన కూర్చోవడానికి సమయము లేదంటే, ఆ మాట మనకే వర్తిస్తుంది. ఆయన అయితే సిలువ మీద వేలాడుతూ కూడా తన తల్లిని ఒక ఇంటికి అప్పగించాడు. శిష్యుడు ఆ గడియనుండే ఆమెను చేర్చుకున్నాడు. దేశపు చట్టము కూడా 2007లో చేసిన తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము ద్వారా ఈ బాధ్యతను పిల్లల మీద పెట్టింది. అయితే చట్టము భయముతో చేసేదానిని మనము ప్రేమతో చేయాలి.

సహాయము ఎక్కడ దొరుకుతుంది?

తిరుపతిలో రుయా ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, 1993లో ప్రారంభమైన స్విమ్స్ ఉంది. చిత్తూరువారికి దగ్గరలోనే, 1900లో ఐడా స్కడ్డర్ ప్రారంభించిన వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి ఉంది. నరాల వైద్యులను గాని, మానసిక వైద్యులను గాని కలవండి. వృద్ధుల సమస్యలకు ప్రభుత్వపు ఉచిత ఫోను నంబరు 14567. కనిపెట్టుకొని ఉన్నవారి మనసు క్రుంగిపోతే టెలీ మానస్ నంబరు 14416, అక్కడ తెలుగులో మాట్లాడవచ్చు. 1992లో కేరళలో మొదలైన ఆల్జైమర్స్ అండ్ రిలేటెడ్ డిసార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఇటువంటి కుటుంబాల కొరకే పనిచేస్తున్నది.

యౌవనస్థులారా, మీకొక మాట. 2024లో లాన్సెట్ వైద్య పత్రిక నియమించిన నిపుణుల సంఘము 14 ప్రమాద కారణములను సరిచేస్తే సుమారు 45 శాతము డిమెన్షియాను నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యము కావచ్చని తెలిపింది. బీపీ, షుగరు, చెడు కొలెస్ట్రాలు అదుపు, పొగ, మద్యము మానడము, వ్యాయామము, చూపు, వినికిడి లోపాలను సరిచేసుకోవడము, చదువు, ఒంటరితనము లేకుండా నలుగురితో కలిసి ఉండటము వాటిలో ఉన్నాయి.

నయము చేయలేనప్పుడు చేయడానికి ఏముంది అని కొందరు అడుగుతారు. మన సీమ చరిత్రలోనే దానికి జవాబు ఉంది. 2022 వరకు చిత్తూరు జిల్లాలో ఉన్న మదనపల్లె దగ్గర, ఆరోగ్యవరములో, వేర్వేరు మిషనులు కలిసి క్షయ రోగుల కొరకు ఒక శానిటోరియమును నడిపాయి. 1912లో మొదలైన ఆ సేవకు డెన్మార్కునుండి వచ్చిన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్ నాయకుడు. అప్పటికి క్షయకు మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొనబడినది 1943లో. అంటే ముప్పై ఏండ్లపాటు వారు మంచి గాలి, విశ్రాంతి, పౌష్టికాహారము, ప్రేమగల చేతులు, వీటితోనే ఎక్కువగా రోగులను ఆదుకున్నారు. ఇంటివారు దగ్గరకు రావడానికే భయపడే రోగుల దగ్గర వారు నిలిచారు. మందు రాకముందు చేసిన సేవ వ్యర్థమైన సేవ కాదు.

చివరిగా, కొందరు బిడ్డలు కన్నీళ్ళతో అడిగే ప్రశ్న. “మా అమ్మ యేసు ఎవరో కూడా మరచిపోయింది. ఆమె విశ్వాసము ఏమవుతుంది?” ప్రియులారా, చంటిబిడ్డ తల్లి మెడ పట్టుకున్నందున పడిపోకుండా లేదు, తల్లి బిడ్డను పట్టుకున్నందున పడిపోకుండా ఉంది. మీ అమ్మ చేతి పట్టు సడలింది. ఆమెను పట్టుకున్న చేయి సడలలేదు. ఆమె తన పేరు మరచినా ఆ పేరు ఎరిగినవాడు ఉన్నాడు. ఆయన ఆమెను ఎత్తుకునేది ఆకాశమునుండి దిగివచ్చిన చేతులతో కాదు, మీ చేతులతో, మీ సంఘపు చేతులతో. ఈ వారము మీ వీధిలో అటువంటి ఒక ఇల్లు ఏదో గుర్తుచేసుకొని, ఒక సాయంకాలము వెళ్ళి రండి.

ప్రార్థన చేసుకుందాము. ప్రేమగల తండ్రీ, మరపులో ఉన్న మా పెద్దలను నీవు మరువవని నమ్ముతున్నాము. రాత్రింబవళ్ళు వారిని కనిపెట్టుచున్న తల్లులకు, కోడళ్ళకు, కుమారులకు, కుమార్తెలకు బలమును, నిద్రను, తోడును దయచేయుము. మా సంఘములకు చూచే కన్నులను, వెళ్ళే కాళ్ళను ఇమ్ము. యేసు నామములో వేడుకొనుచున్నాము తండ్రీ. ఆమేన్.